అప్పు వెంట అంటివచ్చిన బీమా

(ప్రసంగ పాఠము)

అప్పు తీసికొనవచ్చినవాడు సాధారణముగా రెండు సంగతులనే విచారించును. చేతికెంత వచ్చును? నెలకెంత కట్టవలెను? ఈ రెంటికి నడుమనున్న కాగితములను అతడు చదువడు. చదువుటకు తీరికయు ఓపికయు ఆ సమయమున ఉండవు. ఇంటి మరమ్మతో, కారు కొనుగోలో, పాత బాకీల ఒత్తిడియో అతనిని తొందరపెట్టుచుండును. గుమాస్తా వ్రేలితో చూపిన చోటులనెల్ల సంతకము చేసి లేచి వచ్చును. బ్రిటన్ దేశమున ముఖ్యముగా 1990 మొదలు 2010 వరకు ఇట్టి సంతకముల క్రింద, పెక్కుండ్రు అడుగని సరకొకటి అమ్ముడుపోయినది. దాని పేరు పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్సు. అక్కడివారు పొడి అక్షరములతో పి.పి.ఐ. అందురు. తెలుగున వాయిదాల రక్షణ బీమా అనవచ్చును. ఆ అమ్మకములలో పెక్కింటిలో దోషమున్నదని తేలి, కట్టిన సొమ్ము తిరిగి జనుల చేతికి వచ్చిన విధమే నేటి ప్రసంగ విషయము.

విషయము దూరదేశమునకు చెందినదే. అయినను ఉద్యోగరీత్యా, విద్యారీత్యా బ్రిటన్‌లో స్థిరపడిన బిడ్డలుగల తెలుగు కుటుంబములు నేడు కొద్ది కావు. అప్పుతో బీమాను ముడిపెట్టు పద్ధతి మన దేశములోను లేకపోలేదు. కనుక సభ్యులకు ఇది కేవలము వినోదమునకై చెప్పు పరదేశపు కథ కాదు.

బీమా స్వతహాగా చెడ్డది కాదని మొదటనే చెప్పవలెను. ఋణగ్రహీత జబ్బుపడినను, ప్రమాదమునకు లోనైనను, ఉద్యోగము పోగొట్టుకొన్నను, కొంతకాలము వరకు, పెక్కు పత్రములలో పన్నెండు నెలల వరకు, అతని వాయిదాలను బీమా కంపెనీ చెల్లించును. చిన్న ఉద్యోగముతో సంసారమీదువానికి ఇట్టి ఆదరువు అవసరమే. అట్లు ఆదుకొనబడినవారును ఉన్నారు. చెడుగంతయు దానిని అమ్మిన తీరులో ఉండెను.

వ్యక్తిగత ఋణములలో తరచుగా కానవచ్చినది ఏకమొత్తపు ప్రీమియము. అనగా, ఐదేండ్ల బీమాకు కావలసిన ప్రీమియమునంతను మొదటి దినముననే లెక్కకట్టి, దానిని అప్పులో కలిపి, కలిపినదానిపై కూడ అప్పు వడ్డీయే రాబట్టుట. ఊహకొక లెక్క వేసి చూచిన స్పష్టపడును. ఒకడు 6,000 పౌండ్లు అప్పు తీసికొనెననుకొందము. వడ్డీ నూటికి 10, గడువు 60 నెలలు. ప్రీమియము 1,200 పౌండ్లు. బ్యాంకు పుస్తకములో అతని అప్పు 7,200 అయినది. నెల వాయిదా 127 పౌండ్ల 48 పెన్నీలుగా ఉండవలసినది 152 పౌండ్ల 98 పెన్నీలైనది. నెలకు ఇరువదియైదున్నర పౌండ్ల తేడా ఎవరికి కనబడును? కాని గడువు ముగియునప్పటికి బీమా పద్దు క్రింద అతడు కట్టినది 1,530 పౌండ్లు. అందు 330 పౌండ్లు, తాను కోరని వస్తువును అప్పుగా కొన్నందుకు కట్టిన వడ్డీ. నడుమ పాత అప్పు తీర్చి క్రొత్త అప్పు చేసినచో, పాత ప్రీమియములో తిరిగి వచ్చునది స్వల్పము. క్రొత్త అప్పుపై మరల క్రొత్త ప్రీమియము.

మన పల్లెలలో వడ్డీ వ్యాపారి నూరు రూపాయలకు ప్రోనోటు వ్రాయించుకొని, వడ్డీ ముందే పట్టుకొని, తొంబది చేతిలో పెట్టుట ఎరుగనివారు లేరు. ఆ వ్యాపారిని మెచ్చుకొనవలసిన పని లేదు. అయినను ఆ నోట్లను లెక్కపెట్టుకొనునప్పుడే రైతునకు పది రూపాయల సంగతి తెలిసిపోవును. బ్రిటిష్ బ్యాంకు ఖాతాదారునకు ఆరువేలును పూర్తిగా చేతికి వచ్చెను. పోయినదేదో అతనికి కనబడనే లేదు.

అమ్మకములోని దోషములు పలు తెరగులు. బీమా తీసికొననిచో అప్పు మంజూరు కాదని కొందరితో చెప్పిరి. కొందరితో ఏమియు చెప్పలేదు. దరఖాస్తులో బీమా గడియందు ముందుగనే గుర్తు వేసియుండెను. స్వంత వృత్తి చేసికొనువారికి, పదవీ విరమణ చేసినవారికి నిరుద్యోగ భాగము వలన ప్రయోజనము లేకపోవుటయో, మిక్కిలి తక్కువగా నుండుటయో జరుగును. అట్టివారికిని అదే పత్రమును అమ్మిరి. అదివరకే ఉన్న జబ్బులకు బీమా వర్తింపదు. నడుము నొప్పికి, మానసిక ఒత్తిడికి ప్రత్యేకమైన షరతులుండెను. ఇవి చిన్న అక్షరములలో ఉండెనే కాని అమ్మినవారి నోట వెలువడలేదు. అమ్మిన గుమాస్తాలకు ప్రతిఫలములును, అమ్మకపు లక్ష్యములును ఏర్పాటై ఉండుటచేత, ఈ మౌనము ఒకరిద్దరి అశ్రద్ధ వలన కలిగినదని తలచుటకు వీలులేదు.

ప్రభుత్వోద్యోగుల కొక అంశము ప్రత్యేకముగా గమనింపదగియున్నది. బ్రిటన్‌లో ప్రభుత్వ కొలువులోనివారికి జబ్బుపడినప్పుడు చాలకాలము పూర్తి జీతము, ఆపైన సగము జీతము లభించు ఏర్పాటు ఉన్నది. అట్టివానికి వాయిదాల రక్షణ బీమా వలన కలుగు అదనపు మేలెంత? ఆ ప్రశ్న అమ్మువాడు అడుగవలసినది. అడుగకుండుటయే పెక్కు ఫిర్యాదులకు మూలమైనది. మన కొలువులలో కమ్యూటెడ్ సెలవు, అర్ధవేతనపు సెలవు, 1980 నాటి గ్రూపు ఇన్సూరెన్సు పథకము ఉన్నవి కదా. ఇట్టి ఆధారములు కలవాడు మరియొక బీమా కొనునప్పుడు, చేతనున్నదేమో మొదట చూచుకొనుట న్యాయము.

ఈ వ్యవహారము బయటపడుటకు చాలకాలము పట్టెను. 2005 జనవరిలో ఇట్టి బీమా అమ్మకములు ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ అను నియంత్రణ సంస్థ అధికారములోనికి వచ్చెను. అదే యేట సెప్టెంబరులో, జనులకు ఉచితముగా సలహాలిచ్చు సిటిజన్స్ అడ్వైస్ సంస్థ, పోటీ వ్యవహారములు చూచు ప్రభుత్వ కార్యాలయమునకు గట్టి మహజరు సమర్పించెను. 2007లో సంగతి కాంపిటీషన్ కమిషనుకు పోయెను. వసూలైన ప్రీమియములో క్లెయిములుగా తిరిగి జనులకు చేరినది నూటికి 20 వంతులకు లోపేనని విచారణలలో తేలినది. మోటారు బీమాలో ఈ పాలు అంతకు ఎన్నో రెట్లు. తక్కినది బీమా కంపెనీకి చేరినదా యనిన అదియును కాదు. అధిక భాగము అప్పిచ్చిన బ్యాంకులకు కమిషనుగా పోయెను. 2009లో వ్యక్తిగత ఋణములతో ఏకమొత్తపు ప్రీమియము అమ్ముట ఆగిపోయినది.

2010 ఆగస్టులో నియంత్రణ సంస్థ ఫిర్యాదులను పరిష్కరించుటకు క్రొత్త నిబంధనలు ప్రకటించెను. అవి డిసెంబరు 1 నుండి అమలు కావలసియుండెను. బ్యాంకుల సంఘము హైకోర్టున సవాలు చేసెను. వారి వాదము ఆఫీసు వ్యవహారములు తెలిసినవారికి మిక్కిలి పరిచితమైనదే. ‘అమ్మిన నాడు అమలులోనున్న ప్రత్యేక నిబంధనలను మేము పాటించితిమి. ఖాతాదారుల యెడ న్యాయముగా వర్తింపవలెనను సామాన్య సూత్రమును ఇప్పుడు తీసి, దానిని బట్టి మమ్ము దోషులుగా ఎంచుట గడచిన కాలమునకు క్రొత్త చట్టము వర్తింపజేయుటయే’ అని వారి వాదసారము. 2011 ఏప్రిల్ 20న హైకోర్టు దీనిని త్రోసిపుచ్చెను. సూత్రములు నిబంధనలకు పైనున్నవి. నిబంధన నోరు మెదపని చోట సూత్రము పని చేయుననియు, దానిని బట్టి నష్టపరిహారము నిర్ణయింపవచ్చుననియు ఆ తీర్పు తాత్పర్యము. రూలు అక్షరమును చూపి బాధ్యత తప్పించుకొనుట ఏ దేశపు కార్యాలయములకును క్రొత్త కాదు గనుక, ఈ వివాదమంతటిలో ఈ తీర్పే ఎక్కువ విలువైనదని చెప్పవచ్చును.

అప్పీలు గడువు ముగియకముందే, మే నెలలో లాయిడ్స్ బ్యాంకు వర్గము వెనుకకు తగ్గి, వాపసులకై 320 కోట్ల పౌండ్లు వేరుగా నుంచెను. తక్కిన బ్యాంకులును అప్పీలు మానుకొనెను. ఆ 320 కోట్లు ఎంత తక్కువ అంచనాయో తరువాత తెలిసెను. తుదకు ఆ ఒక్క వర్గము కేటాయింపులే 2,190 కోట్ల పౌండ్లకు చేరెను. దేశము మొత్తము మీద అమ్ముడుపోయిన పత్రములు 6 కోట్ల 40 లక్షల వరకు ఉండునని లెక్క. ఇది ఆ దేశ జనసంఖ్యతో ఇంచుమించు సమానము. 2011 జనవరి నుండి 2019 కడవరకు తిరిగి చెల్లింపబడినది 3,830 కోట్ల పౌండ్లు.

ఇంత సొమ్ము ఊరకనే ఇంటికి నడచి రాలేదు. అడిగినవారికి వచ్చినది. అడుగు తీరు తెలిసినవారికి త్వరగా వచ్చినది.

మొదట కాగితము కావలెను. అప్పు ఒడంబడికలో ‘ఋణ మొత్తము’ క్రింద రెండు అంకెలున్నవా, బీమా పద్దు వేరుగా ఉన్నదా యని చూచుట మొదటి పని. కాగితములు పోయినవారు నిరాశపడనక్కరలేకుండెను. ఆ దేశపు డేటా రక్షణ చట్టము ప్రకారము తన్నుగూర్చి బ్యాంకులోనున్న వివరముల నకలు కోరుటకు ప్రతివానికి హక్కు కలదు. 2018 మే వరకు దానికి గరిష్ఠ రుసుము 10 పౌండ్లు. తరువాత ఉచితమైనది.

పిమ్మట జాబు. ‘మీ బ్యాంకు నన్ను మోసగించినది, నా సొమ్ము నాకిండు’ అని వ్రాసిన జాబులో కోపము ఉన్నది కాని కేసు లేదు. పని చేయు జాబు వేరు. అప్పు ఏ నెలలో, శాఖలోనా టెలిఫోను మీదనా తీసికొనబడినది? బీమాను గూర్చి ఆనాడు చెప్పినదేమి, చెప్పనిదేమి? అప్పటికి ఋణగ్రహీత ఉద్యోగమేమి? జబ్బుపడినచో యజమానినుండి ఎన్ని నెలల జీతము వచ్చును? అప్పటికే వైద్యము పొందుచున్న వ్యాధి ఏదైన ఉన్నదా? చేతిలో పొదుపు మొత్తమున్నదా? ఈ ప్రశ్నలకు జ్ఞాపకమున్నంతవరకు, లేనిది కల్పింపక, జవాబులు వ్రాసినచో అదియే ఫిర్యాదు. ఒక్క పుట చాలును. పదేండ్ల నాటి మాటలు అక్షరము పొల్లుపోక చెప్పువాని కంటె, కొంత మరచితినని ఒప్పుకొనువాని మాటకే విలువ ఎక్కువ. సాక్ష్యము విని ఎరిగినవారికి ఇది తెలియును.

‘మీరు సంతకము చేసితిరి కదా’ అనునదియే బ్యాంకుల మొదటి జవాబు. సంతకము వలన కాగితము అతనిదని తేలును. కాగితములోని విషయము అతనికి తెలుపబడినదని తేలదు. ఫిర్యాదులను విచారించినవారు ఈ భేదమును గట్టిగా పట్టుకొనిరి. కాగితముపై ‘ఐచ్ఛికము’ అని అచ్చయియున్నను, కౌంటరు వద్ద తప్పనిసరియని చెప్పుట సంభవమేనా యని అన్ని పరిస్థితులను తూచి చూచిరి.

ఫిర్యాదు అందిన పిమ్మట కడపటి జవాబిచ్చుటకు బ్యాంకునకు ఎనిమిది వారముల గడువు. ఆలోగా జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ వద్దకు పోవచ్చును. కడపటి జవాబు తేదీనుండి ఆరు నెలలలోపల పోవలెను. ఫిర్యాదిదారునకు అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 2012–13 సంవత్సరములో ఒక్క ఈ బీమాపైననే అక్కడికి 3,78,000కు పైగా ఫిర్యాదులు చేరెను. బ్యాంకు కాదన్న కేసులనేకము అక్కడ అవుననిపించుకొనెను. మొదటి తిరస్కారమునకే తృప్తిపడి ఊరకున్నవారు తమ సొమ్మును తామే వదలుకొన్నారు.

వాపసు లెక్క ఇట్లుండెను. బీమా లేనిచో ఖాతాదారుడు ఏ స్థితిలో ఉండునో ఆ స్థితికి అతనిని తేవలెను. పైని చెప్పిన ఉదాహరణలో 1,530 పౌండ్లును తిరిగి ఈయవలెను. ఆ సొమ్ము ఇన్నాళ్లు అతని చేతిలో లేకపోయినందుకు, కట్టిన ప్రతి వాయిదా తేదీనుండి నూటికి 8 చొప్పున సాధారణ వడ్డీ. అప్పు తీరిన ఐదేండ్లకు వాపసు వచ్చెననుకొనిన, ఆ వడ్డీ సుమారు 910 పౌండ్లగును. మొత్తము 2,440. ఈ 8 శాతపు వడ్డీ ఆదాయముగా ఎంచబడును గనుక నూటికి 20 చొప్పున పన్ను ముందే కోసికొందురు. 2016 ఏప్రిల్ నుండి పొదుపు వడ్డీపై కొంతవరకు పన్ను లేనందున, ఇట్లు కోసిన పన్నును తిరిగి కోరుటకు చాలమందికి హక్కుండెను. ఇంకను బకాయి ఉన్నవారికి బ్యాంకు వాపసును ఆ బకాయిలో సర్దుబాటు చేయుటయు కలదు. చేతికి చెక్కు రాలేదని కొందరు వాపోయిరి కాని, అప్పు తరుగుటయు సొమ్మే.

ఇచట మధ్యవర్తులను గూర్చి కొంత చెప్పవలెను. సొమ్ము తిరిగి వచ్చునని తెలియగనే, ‘మీ తరఫున మేము వ్రాసెదము’ అను కంపెనీలు వెలసెను. వేళకాని వేళ టెలిఫోనులు, అడుగని సందేశములు. వారి ప్రతిఫలము తరచు వాపసులో నూటికి 25, దానిపై పన్నుతో కలిపి 30. పై ఉదాహరణలో ఇది 730 పౌండ్లు. పాపము ఆ ఖాతాదారుడు బీమా పద్దు క్రింద మొదట కోల్పోయినదానిలో ఇంచుమించు సగము! వారు చేసిన పని ఒక్క పుట జాబు, ఒక ప్రశ్నావళి. చదువురానివారికి, వ్యాధిగ్రస్తులకు తోడు అవసరమే. తక్కినవారు ఉచితముగా జరుగు పనికి ఇంత సమర్పించుకొనుట విచారకరము. 2018 జూలై 10 నుండి పన్ను గాక నూటికి 20 మించి తీసికొనరాదని చట్టము కట్టడి చేసెను.

వాపసుకు దిగిన ప్రతి ఫిర్యాదును నెగ్గలేదు, నెగ్గవలసినదియు కాదు. షరతులు స్పష్టముగా విని, కోరి తీసికొని, జబ్బు సమయమున లాభము పొందినవాడు కూడ ఎవరో పురికొల్పగా అడిగిన సందర్భములున్నవి. అసలు బీమాయే లేనివారి పేర మధ్యవర్తులు జాబులు గుప్పించిరి. న్యాయమైన ఫిర్యాదు ఈ రద్దీలో వెనుకబడుట దీని చెడు ఫలము.

2014 నవంబరు 12న బ్రిటన్ సుప్రీం కోర్టు ఇంకొక ద్వారము తెరచెను. ఒక మహిళ 2006లో 34,000 పౌండ్ల ఋణముతోపాటు 5,780 పౌండ్ల ప్రీమియము కట్టెను. అందు బీమా కంపెనీకి చేరినది 1,630 మాత్రమే. తక్కినది, అనగా నూటికి 71.8 వంతులు, దళారికిని ఋణదాతకును పోయినది. ఇది ఆమెకు చెప్పబడలేదు. ఇంతటి కమిషనును దాచుట వలన ఋణ సంబంధమే అన్యాయమైనదని న్యాయస్థానము నిర్ణయించెను. బీమా అక్కరకు వచ్చునదే కావచ్చును, అమ్మినవాడు అబద్ధమాడకపోవచ్చును. ధరలో ఎవరికెంత పోవుచున్నదో దాచుటయే చాలును. దీనిని బట్టి నియంత్రణ సంస్థ, చెప్పకుండ తీసికొన్న కమిషను నూటికి 50 మించినచో ఆ మించిన భాగమును తిరిగి ఇప్పించుటకు 2017లో నిబంధన చేసి, అన్ని ఫిర్యాదులకును 2019 ఆగస్టు 29 కడపటి దినముగా ప్రకటించెను. ఆ గడువును జనులకు జ్ఞాపకము చేయుటకు సినిమా నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తలను పోలిన యంత్రపు బొమ్మచేత ప్రకటనలు పలికించిరి. ప్రభుత్వ సంస్థల ప్రకటనలు అంతగా జనుల నోళ్లలో నానుట అరుదు.

ఆ గడువు దాటిన పిమ్మట బ్యాంకునకు ఫిర్యాదు చేయు మార్గము, అసాధారణ పరిస్థితులలో తప్ప, మూసుకొనిపోయినది. న్యాయస్థానపు మార్గము మిగిలినది. 2023 నవంబరు 15న సుప్రీం కోర్టు, నూటికి 95 మించిన కమిషనును దాచిన మరియొక వ్యవహారమున, దాచినది తెలియునంతవరకు కాలదోషము లెక్కింపరాదని తీర్పు చెప్పెను. అయితే దావా ఖర్చులు, ఓడినచో ఎదుటివాని ఖర్చులు తూచుకొని దిగవలసిన బాట అది. ‘మీ పి.పి.ఐ. వాపసు సిద్ధముగానున్నది, ముందుగా రుసుము పంపుడు’ అని బ్రిటన్‌లోని బంధువులకు ఎవరైన టెలిఫోను చేసినచో, అది మోసమని తలచి పెట్టివేయుట క్షేమము.

ఇక మన దేశపు సంగతి. ఇక్కడను గృహ ఋణములతోను, వ్యక్తిగత ఋణములతోను ఏకమొత్తపు ప్రీమియము గల ఋణ రక్షణ బీమాను జోడించి, ప్రీమియమును అప్పులోనే కలుపుట కలదు. బ్రిటన్‌లో జరిగినట్టి సామూహిక వాపసు ఇక్కడ జరుగలేదు. కాని అప్పు తీసికొను దినముననే చూచుకొనుటకు ఒక సాధనము లభించినది. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15 నాటి ఉత్తర్వు ననుసరించి, ఆ యేడు అక్టోబరు 1 నుండి క్రొత్తగా మంజూరగు రిటైల్ టర్మ్ ఋణములకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అను ముఖ్యాంశముల పట్టికను ముందుగా ఈయవలెను. బీమా వంటి పరుల పద్దులను కూడ కలిపి యేటికి నిజముగా ఎంత శాతము పడుచున్నదో అందు చూపవలెను. వడ్డీ రేటునకును ఈ అంకెకును నడుమ తేడా హెచ్చుగా ఉన్నచో, అది ఏ పద్దు వలన కలిగినదని అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

జీవిత బీమా పత్రము చేరిన నాటినుండి 30 దినములలోపల అక్కరలేదని త్రిప్పి పంపుటకు 2024 నాటి నియమములు హక్కునిచ్చుచున్నవి. ఆ కొద్దిదినముల రక్షణకును, స్టాంపులకును, వైద్య పరీక్షకును అయిన ఖర్చు తగ్గించి తక్కినది తిరిగి ఇత్తురు. ఆ గడువు దాటినను తప్పుగా అమ్మబడినదని తలచువారు మొదట బీమా కంపెనీకి వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, 30 దినములలో తగిన జవాబు రానిచో బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. హైదరాబాదులోను ఆ కార్యాలయమున్నది. రుసుము లేదు. బ్యాంకు నడవడిపై ఫిర్యాదైనచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ప్రీమియము అప్పులో కలిపినదైనచో, వాపసు ఆ అప్పు ఖాతాకే జమ కావలెనని బీమా కంపెనీకిని బ్యాంకునకును జాబులోనే స్పష్టముగా వ్రాయుట మేలు. జమ అయినదో లేదో, అయిన పిమ్మట నెల వాయిదాయో, మిగిలిన నెలల సంఖ్యయో తగ్గినదో లేదో తరువాతి ఖాతా పట్టికలో చూచుకొనవలెను.